బండి బాగోగులు: సీటు కింది అదురు ఎక్కడిది?

మామిడి కోతల కాలం, వానల కాలం కలిసే ఈ నెలల్లో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల మీద ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేర్ల నుంచి ఇరుసుకు బలం చేరవేస్తూ తిరిగే గొట్టం, దాని అదురు గురించే. అందుకే ఈ సంచికను దానికే ఇచ్చాం.

ప్రశ్న: సార్, నాది పాత జిప్సీ. 65 దాటగానే సీటు కింద, ఫ్లోరులో అదురు మొదలవుతుంది. 80 దాటితే కొంచెం తగ్గుతుంది. వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను. ముందు టైర్లు వెనక్కి మార్చాను. వెనుక షాఫ్టు క్రాసులు (చివరల్లో వంగి తిరిగే కీళ్ళు) రెండూ కొత్తవి వేయించాను. ఏం మారలేదు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక షాఫ్టులకు బలం పంచే గేర్ల పెట్టె) విప్పాలంటున్నారు. విప్పించమంటారా?
– తిరుపతి పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దు. గేర్లు అరిగితే మోత వస్తుంది, బేరింగు పోతే గుర్రుమంటుంది. ఒక వేగం దగ్గర పుట్టి, అది దాటితే తగ్గే అదురుకు కారణం మామూలుగా రెండే. తిరిగేది ఏదో బరువు తప్పి ఉంటుంది, లేదా దాన్ని పట్టి ఉంచే రబ్బరు చచ్చి ఉంటుంది. ఏది అన్నది తేలకుండా ఇంకో పైసా ఖర్చు పెట్టకండి.

తేల్చడానికి మొదటి సాధనం లెక్క. మీ టైరు చుట్టుకొలత ఇంచుమించు 2 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, కాబట్టి చక్రం సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లుండే పెట్టె) నిష్పత్తి దగ్గర దగ్గర 4, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు నాలుగు చుట్లు అనుకుంటే వెనుక షాఫ్టు సెకనుకు 40 సార్లు, అంటే నిమిషానికి 2,400 సార్లు తిరుగుతుంది. క్రాసు జాయింట్ల కోణం తప్పితే ఒక్కో చుట్టుకు రెండు కుదుపులు, అంటే సెకనుకు 80. ఈ మూడూ ఒంటికి మూడు రకాలుగా తెలుస్తాయి. సెకనుకు 10 అయితే బండి మొత్తం ఊగుతుంది, స్టీరింగు చేతిలో ఆడుతుంది. 40 అయితే సీటు, ఫ్లోరు జివ్వుమంటాయి, డ్యాష్‌బోర్డు మీది నాణెం గలగలలాడుతుంది. 80 అయితే అదురు కన్నా మోతగా వినిపిస్తుంది, అద్దంలో వెనుక బండి మసకగా కనిపిస్తుంది. మీరు చెప్పింది రెండో రకం. చక్రాలను వదిలేయండి.

ఇక రోడ్డు మీద రెండు పరీక్షలు. అదురు వచ్చే వేగాన్ని ఒకసారి నాలుగో గేరులో, ఒకసారి ఐదో గేరులో పట్టండి. రెండింటిలో అదే వేగానికి వస్తే ఇంజను, క్లచ్ కారణం కావు. తర్వాత పూతలపట్టు–నాయుడుపేట రహదారి లాంటి చోట, రద్దీ లేని చదును రోడ్డు మీద, 80 దాకా వెళ్ళి న్యూట్రల్ చేసి బండిని దానంతట దాన్ని పోనివ్వండి. తాళం మాత్రం తిప్పకండి, బ్రేకుకు ఇంజను సాయం కావాలి. న్యూట్రల్‌లోనూ అదిరితే గేర్‌బాక్స్ వెనుక తిరిగేవాటిలో ఏదో ఒకటి. ఘాట్ రోడ్డులో ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు.

జిప్సీలో చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. దీనికి షాఫ్టులు రెండు కావు, మూడు. గేర్‌బాక్స్ ఒకచోట, ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా వెనుక ఉంటాయి. రెంటి మధ్య ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది. హై రేంజిలో (మామూలు రోడ్డు మీద వాడే స్థితిలో) కూడా ట్రాన్స్‌ఫర్ కేస్ వేగాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి ఈ పొట్టి షాఫ్టు వెనుక షాఫ్టు కన్నా వేగంగా తిరుగుతుంది. అందరూ వెనుక షాఫ్టు క్రాసులే మారుస్తారు, ఇది కంటికి కనబడదు. దీన్ని నిలబడ్డ చోటే పరీక్షించవచ్చు. నాలుగు చక్రాలకూ అడ్డుకట్టలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ట్రాన్స్‌ఫర్ లీవరును న్యూట్రల్‌లో, గేరును నాలుగులో పెట్టండి. క్లచ్ మెల్లగా వదిలితే బండి కదలదు, పొట్టి షాఫ్టు ఒక్కటే తిరుగుతుంది. ఇంజనును 3,000–3,500 దాకా పెంచండి. అదే జివ్వు ఇక్కడా వస్తే దొంగ దొరికినట్టే. బండి కింద మాత్రం ఎవరూ ఉండకూడదు.

అక్కడ రాకపోతే ముందు షాఫ్టు చూడాలి. ముందు హబ్బులు (ముందు చక్రాలను ఇరుసుకు కలిపే, విడదీసే తాళాలు) లాక్ అయి ఉంటే 2హెచ్‌లో, అంటే వెనుక చక్రాలకే బలం వెళ్ళే స్థితిలో కూడా ముందు చక్రాలే ఆ షాఫ్టును తిప్పుతుంటాయి. హబ్బులు ఫ్రీ చేసి అదే రోడ్డు మీద పోయి చూడండి. అదురు మాయమైతే ముందు షాఫ్టుదే తప్పు. హబ్బులు సరిగా వదులుతున్నాయో లేదో అనుమానముంటే బోల్టులు విప్పి ముందు షాఫ్టును పక్కన పెట్టి ఒక చుట్టు తిరిగి రండి. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే) బండికి దీనివల్ల నష్టం లేదు. విప్పేముందు రెండు ఫ్లాంజుల (బోల్టులు పట్టే పళ్ళేల) మీదా, స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి జారే పళ్ళ గాడులు) కలిసే చోటా పెయింటుతో గీత పెట్టడం మాత్రం తప్పనిసరి.

ఇవి దాటాక ట్రాన్స్‌ఫర్ కేస్‌ను మోసే మూడు రబ్బర్లను చూడండి. కడ్డీ పెట్టి ఎత్తితే ఇనుము నుంచి రబ్బరు విడిపోయి కనిపిస్తే మూడూ కలిపి మార్చండి. ఒకటి మారిస్తే మిగిలిన రెండూ దాన్ని త్వరగా చంపేస్తాయి.

ఆఖరికి వెనుక షాఫ్టు. క్రాసులు కొత్తవి వేశారన్నారు కదా, అప్పుడు స్లిప్ జాయింటును (షాఫ్టు పొడవు మారేలా జారే స్ప్లైన్ అతుకును) ఊడదీసి ఉంటారు. తిరిగి కలిపేటప్పుడు స్ప్లైన్ ఒక్క పన్ను పక్కకు పడినా రెండు చివరల యోకులు (క్రాసును పట్టే రెండు చెవుల ముక్కలు) ఒకే తలంలో ఉండవు. షాఫ్టు వెంబడి ఒక కన్ను మూసి చూస్తే ఇది తెలుస్తుంది: రెండు చివర్లలో షాఫ్టుకు అతికి ఉన్న యోకుల చెవులు ఒకే గీతలో ఉండాలి. కొన్ని కంపెనీల బండ్లలో ముందు షాఫ్టును కావాలనే తిప్పి కలుపుతారు, అందుకే పాత గీతలే ప్రమాణం అంటున్నాం.

యోకులు సరిగానే ఉంటే షాఫ్టు గొట్టాన్ని వైరు బ్రష్షుతో కడిగి బ్యాలెన్స్ బిళ్ళ ఊడిన మచ్చ ఉందేమో చూడండి. మచ్చ లేకపోయినా బ్యాలెన్స్ తప్పిందా అన్నది రెండు హోస్ క్లిప్పులతో తెలుసుకోవచ్చు. గొట్టం వెనుక చివర చుట్టూ సుద్దతో 1, 2, 3, 4 అని సమదూరంలో గుర్తులు పెట్టండి. ఒక క్లిప్పు బిగించి దాని స్క్రూ తల 1 దగ్గర ఉంచి రోడ్డు మీద చూడండి, తర్వాత 2 దగ్గర, అలా నాలుగు చోట్లా. ఏ గుర్తు దగ్గర అదురు తగ్గితే అక్కడే రెండో క్లిప్పు కూడా వేయండి. రెండూ కలిసి ఎక్కువైతే స్క్రూ తలలను ఆ గుర్తుకు చెరో పక్కకు కొద్దికొద్దిగా జరుపుతూ పోండి. అదురు తగ్గే చోటు దొరికిందంటే దోషం బ్యాలెన్స్‌దేనని రుజువైంది. క్లిప్పులతోనే తిరగకండి, షాఫ్టును బ్యాలెన్సింగ్ మిషను ఉన్న వర్క్‌షాపుకు పంపండి. ఏ చోటా తేడా రాకపోతే దోషం బ్యాలెన్స్‌ది కాదు, కోణానిదో వంపుదో. కోణం సంగతి కింది జవాబులో ఉంది.

ప్రశ్న: కమాన్ కట్టలు మార్చి నా జీపును మూడంగుళాలు లేపించాను. లేపినప్పుడే వెనుక హౌసింగ్ కింద 4 డిగ్రీల వెడ్జీలు (ఏటవాలు పలకలు) కూడా వేశారు. అప్పటినుంచి 50–60 మధ్య యాక్సిలరేటర్ తొక్కితే గూమ్మని మోత, అదురు. కాలు తీస్తే నిమ్మళంగా పోతుంది. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. షాఫ్టు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు.
– పలమనేరు పాఠకుడు

జవాబు: బ్యాలెన్సింగుతో ఇది పోదు. మీ ఉత్తరంలోనే జవాబుంది: ఆ వెడ్జీలే.

క్రాసు జాయింటు వంగి తిరిగేటప్పుడు అవతలి వైపు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 5 డిగ్రీల వంపులో ఈ హెచ్చుతగ్గులు అర శాతంలోపే. 10 డిగ్రీల్లో ఒకటిన్నర శాతం, 20 డిగ్రీల్లో ఆరు శాతం. వంపు రెట్టింపైతే అదురు నాలుగింతలవుతుందన్నమాట. షాఫ్టుకు రెండు చివరలా ఒక్కొక్క క్రాసు ఉన్నప్పుడు పై జాయింటు చేసిన హెచ్చుతగ్గును కింది జాయింటు సరిచేయాలి. అది జరగాలంటే రెండు కోణాలూ సమానంగా ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బయటకు వచ్చే ఇరుసు, హౌసింగ్ పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న గేరు) ఇరుసు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.

వెడ్జీ వేసి పినియన్ మూతిని పైకి, షాఫ్టుకు నేరుగా తిప్పే పద్ధతి డబుల్ కార్డాన్ జాయింటు ఉన్న షాఫ్టులకు. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ చివర రెండు క్రాసులు పక్కపక్కనే ఉండేవాటికి. అక్కడ ఆ జంట క్రాసులు తమ హెచ్చుతగ్గును తామే సరిచేసుకుంటాయి, కాబట్టి కింది జాయింటు దగ్గర దగ్గర సున్నా కోణంలో ఉండాలి. మీ షాఫ్టు పైచివర ఒకే క్రాసు ఉంటే ఆ మందు మీ జబ్బుకు కాదు.

నమ్మకం కుదరాలంటే కొలవండి. కోణాలు చూపే చిన్న మీటరు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఫోనులోని లెవెల్ కూడా పనికొస్తుంది, కేసు తీసేసి అంచును ఇనుముకు ఆనించాలి. బండి చదును నేల మీద, నాలుగు చక్రాల మీద, మామూలుగా మోసే బరువుతో నిలబడి ఉండాలి. జాకీ మీద వేలాడుతున్న హౌసింగ్ కోణం అబద్ధం చెబుతుంది. మూడు కొలతలు తీయండి: ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్ ముఖం, షాఫ్టు గొట్టం, పినియన్ ఫ్లాంజ్ ముఖం. ఫ్లాంజ్ ముఖం ఇరుసుకు అడ్డంగా ఉంటుంది కాబట్టి నిలువు నుంచి ఎంత వాలిందో అదే ఇరుసు వాలు.

ఒక ఉదాహరణ. ట్రాన్స్‌ఫర్ కేస్ ఇరుసు వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్టు 13 డిగ్రీలు వాలి ఉంది. పై జాయింటు కోణం 10. పినియన్ కూడా మొదట 3 డిగ్రీల్లో ఉంటే కింది కోణం 10, సరిపోయింది. 4 డిగ్రీల వెడ్జీతో పినియన్ 7కు లేచింది, కింది కోణం 6కు పడిపోయింది. పైన 10, కింద 6. తొక్కినప్పుడు కమాన్ కట్టలు మెలిపడి పినియన్ మూతి ఇంకో ఒకటి రెండు డిగ్రీలు లేస్తుంది, తేడా 5కో 6కో పెరుగుతుంది. కాలు తీస్తే మూతి దిగుతుంది, తేడా తగ్గుతుంది. మీ బండి చెబుతున్నది అక్షరాలా ఇదే. రెండు కోణాల మధ్య తేడా 1 డిగ్రీలోపు ఉండేలా చూడండి.

వెడ్జీలు తీసేస్తే మోత చాలావరకు పోవాలి. కొలతల్లో ఇంకా మూతి ఎక్కువ లేచి కనిపిస్తే వెడ్జీని తిరగేసి వేయవచ్చు. కట్ట హౌసింగ్ పైన ఉండే బండికి మూతిని దించాలంటే వెడ్జీ మందపు వైపు బండి ముందుకు ఉండాలి. కట్ట హౌసింగ్ కింద ఉండే పాత జీపుల్లో మందపు వైపు వెనక్కి. ఇక్కడే చాలా షెడ్లలో పొరపాటు జరుగుతుంది, అందుకే బిగించాక మళ్ళీ కొలవండి. కట్ట మధ్య బోల్టు తల వెడ్జీలోంచి దాటి హౌసింగ్ గుంటలో కూర్చోవాలి. అది కూర్చోకపోతే బ్రేకు వేసినప్పుడు హౌసింగ్ వెనక్కి ముందుకి జారుతుంది. యు-బోల్టులు ఒకసారి సాగినవి మళ్ళీ వాడకండి. కొత్తవి వేసి ఎదురెదురుగా మార్చి మార్చి బిగించి, 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి మళ్ళీ బిగించండి.

కోణాలు సమానమైనా 10 డిగ్రీలు ఎక్కువే. రెండు చివరలూ ఒకదాన్నొకటి సరిచేసుకున్నా మధ్యలో షాఫ్టు గొట్టం మాత్రం ప్రతి చుట్టుకూ వేగం మార్చుకుంటూనే తిరుగుతుంది, క్రాసు లోపలి సూది బేరింగుల మీద భారం పడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ క్రాస్ మెంబరుకు, ఛాసిస్‌కు మధ్య ఒక అంగుళం స్పేసర్లు వేసి దించితే షాఫ్టు వాలు తగ్గుతుంది. అప్పుడు లీవర్లు, ముందు షాఫ్టు కోణం, ఫ్యాన్ రేడియేటరుకు ఎంత దగ్గరైంది అన్నవి చూసుకోవాలి. ఇంకో సంగతి: బండి లేచినకొద్దీ స్లిప్ జాయింటు బయటికి సాగుతుంది. వెనుక ఛాసిస్‌ను జాకీతో ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు స్ప్లైన్ ఇంకా ఎంత లోపలుందో చూడండి. అంచుకు వచ్చిందంటే గుంతలో చక్రం దిగినప్పుడు షాఫ్టు ఊడి రోడ్డుకు గుచ్చుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. ఖాళీగా పోతే ఏం లేదు. తోటలో బెంగళూరా కాయ నింపి మండీకి కదిలించేటప్పుడు దడదడమని కొడుతుంది. 30 దాటితే పోతుంది. క్లచ్ ప్లేటు మార్చమంటున్నారు.
– మామిడి రైతు, దామలచెరువు

జవాబు: క్లచ్ మార్చే ముందు ఒకటి గమనించండి. క్లచ్ వల్ల వచ్చే కొట్టుడు పెడలు సగంలో ఉన్నప్పుడు వస్తుంది, కాలు పూర్తిగా తీసేయగానే ఆగిపోతుంది. కాలు తీశాక కూడా 20, 25 దాకా దడదడమంటుంటే అది సెంటర్ బేరింగు.

పొడవు బండ్లలో షాఫ్టు రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో దాన్ని ఛాసిస్‌కు వేలాడదీసేది రబ్బరు ఉంగరంలో కూర్చున్న బేరింగు. బరువుతో బండి కదిలేటప్పుడు షాఫ్టు మీద మెలి ఎక్కువ, ఆ మెలికి మధ్య జాయింటు పక్కకు తన్నుకుంటుంది. రబ్బరు గట్టిగా ఉంటే తట్టుకుంటుంది. చీలి ఉంటే బేరింగు బ్రాకెట్‌లో పైకీ కిందకీ కొట్టుకుంటుంది. షాఫ్టును బేరింగు పక్కనే చేత్తో పట్టి పైకి ఎత్తి చూడండి. రబ్బరు కొంచెం సాగడం సహజం. ఇనుముకు ఇనుము తగిలితే, లేదా రబ్బరు చుట్టూ పగులు కనిపిస్తే మార్చాల్సిందే.

మార్చేటప్పుడు రెండు ముక్కల షాఫ్టు మీదా గీతలు పెట్టించండి. బ్రాకెట్ కింద వాషర్లో పలక ముక్కలో ఉంటే పారేయనివ్వకండి, అవి మధ్య జాయింటు కోణం కోసం కంపెనీ పెట్టినవి. బ్రాకెట్ బోల్టులను ఆఖరుగా, బండి చక్రాల మీద నిలబడ్డాక బిగించాలి.

కొత్త బేరింగు వేసినా లోడుతో కొడితే కట్టల వైపు చూడండి. కాయ బరువుకు కట్టలు చదునైపోయి హౌసింగ్ లేచినకొద్దీ కోణాలు మారతాయి. అదనపు ఆకులు వేసిన బండ్లలో ఖాళీగా ఉన్నప్పుడు తప్పు, లోడులో ఒప్పు కావచ్చు. దీనికి తలకిందులుగా కూడా జరగవచ్చు. కోణాలు లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలిచి, మీరు ఎక్కువగా ఏ బరువుతో తిరుగుతారో దానికి సరిచేయించండి. ఒక ఆకు విరిగిందా, యు-బోల్టు వదులైందా అన్నది అంతకన్నా ముందే చూడాలి.

ప్రశ్న: అన్నా, నేను షెడ్డులో పని నేర్చుకుంటా ఉండాను. నేను వేసిన క్రాసులు నెల రెండు నెలలకే బిగుసుకుపోతాయి, లేకుంటే ఆడతాయి. సామాను మంచిదే వాడతాను. ఎక్కడ తప్పు చేస్తా ఉండానో చెప్పండి.
– పుత్తూరు

జవాబు: తమ్ముడూ, తప్పు దాదాపు ఎప్పుడూ సుత్తి దగ్గరే జరుగుతుంది. కప్పు (క్రాసు కాలికి తొడిగే మూత) మీద సుత్తితో కొడితే లోపలి సూదులు (సన్నటి రోలర్లు) ఒకటి రెండు పక్కకు పడతాయి. పడిన సూది కప్పు అడుగున అడ్డంగా ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే కప్పు కూర్చున్నట్టే ఉంటుంది కానీ సర్‌క్లిప్పు (కప్పును పట్టి ఉంచే క్లిప్పు) గాడిలోకి దిగదు. దిగలేదని ఇంకా కొడితే సూది విరుగుతుంది, ఆ పొడి జాయింటును తినేస్తుంది.

వరస ఇది. గీతలు పెట్టి షాఫ్టు దించు. సర్‌క్లిప్పులు నాలుగూ తీసి గాడులను వైరుతో శుభ్రం చేయి. వైస్‌లో ఒక వైపు కప్పు కన్నా చిన్న సాకెట్, అవతలి వైపు కప్పు దూరేంత పెద్ద సాకెట్ పెట్టి నొక్కితే కప్పు బయటికి వస్తుంది. పాత క్రాసును పారేయకముందు దాని కాళ్ళను వేలితో తడిమి చూడు. సూదుల అచ్చులు గీతలుగా పడి ఉంటే గ్రీజు అందలేదు, లేదా బరువు మించింది. ఎర్రటి తుప్పు పొడి ఉంటే నీళ్ళు దిగాయి. ఒక వైపు కాళ్ళే అరిగి ఉంటే యోక్ వంగి ఉందేమో చూడాలి. కారణం తెలియకుండా కొత్తది వేస్తే అదే జబ్బు మళ్ళీ వస్తుంది.

యోక్ చెవుల బొక్కల్లో గరుకు ఉంటే సన్నటి ఎమెరీతో తుడువు, ఆకురాయి పెట్టకు. కప్పు వేలితో నొక్కితే దూరేంత వదులైందంటే ఆ యోక్ పనికిరాదు. పంచింగ్ కొట్టి బిగించే అలవాటు వద్దు, వారంలో మళ్ళీ వదులవుతుంది.

కొత్త కప్పుల్లో సూదులు నిలబడి ఉండేంత గ్రీజు పెట్టు. ఎన్ని సూదులున్నాయో నాలుగు కప్పుల్లో లెక్కపెట్టి సరిచూసుకో. ఒక కప్పును చెవిలో సగం దించి, క్రాసు కాలును దానిలోకి తోసి పట్టుకుని, ఎదురు కప్పును వైస్‌తో నొక్కు. నొక్కుతున్నంతసేపూ క్రాసును అటూ ఇటూ కదుపుతూ ఉండాలి, కాలు సూదుల మధ్యే ఉందని అప్పుడు తెలుస్తుంది. కదలిక గట్టిపడిందంటే ఆపి, వెనక్కి తీసి చూడు. గ్రీజు నిప్పిల్ షాఫ్టు గొట్టం వైపు ఉండాలి, గ్రీజు గన్ను అందేలా. రెండు చివరల నిప్పిళ్ళూ ఒకే వైపు ఉంటే బండి కింద పడుకుని షాఫ్టు తిప్పుకునే పని తప్పుతుంది.

క్లిప్పులు నాలుగూ గాడిలో కూర్చున్నాక యోక్ చెవుల మీద, కప్పు మీద కాదు, రాగి సుత్తితో ఒక్కొక్క దెబ్బ వేయి. కప్పులు క్లిప్పుకు ఆనుకుంటాయి, లోపలి బిగుతు వదులుతుంది. మంచి జాయింటు చేత్తో వంచితే అన్ని వైపులా ఒకే బిగుతుతో కదలాలి. ఒక చోట ఆగి టక్కున పడితే అది సిద్ధం కాలేదు.

గ్రీజు లిథియం ఈపీ2 రకం చాలు. గన్నుతో కొడితే నాలుగు కప్పుల సీళ్ళలోంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. ఒక కప్పు రాకపోతే షాఫ్టును ఆ వైపు తిప్పి, కొంచెం వంచి మళ్ళీ కొట్టు. స్లిప్ జాయింటుకు మాత్రం ఎక్కువ కొట్టకు. లోపలి ఖాళీ అంతా గ్రీజుతో నిండితే కట్టలు కుదించుకున్నప్పుడు షాఫ్టు పొట్టి కాలేదు, ఆ తోపు ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగు మీద పడుతుంది. బండి మామూలు రోడ్ల మీద తిరిగితే 5,000 కిలోమీటర్లకు ఒకసారి, తలకోన దారిలో వాగు దాటినా, స్వర్ణముఖి ఇసుకలో దిగినా ఆ వారంలోనే గ్రీజు కొట్టమని బండి తెచ్చినవాళ్ళకు చెప్పు.

షాఫ్టు దించేటప్పుడు ఇంకో జాగ్రత్త. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ వెనుక ఉంటుంది. వెనుక షాఫ్టు విప్పిన క్షణం నుంచి ఆ బ్రేకు చక్రాలను పట్టదు, గేరులో వేసినా పట్టదు. ముందు అడ్డుకట్టలు, తర్వాతే పానా.

ప్రశ్న: క్వారీలో రాయి తగిలి వెనుక షాఫ్టు గొట్టానికి గుంట పడింది. లేత్ షాపులో కోసి కొత్త గొట్టం వెల్డింగ్ చేస్తామంటున్నారు. చేయించవచ్చా?
– కుప్పం

జవాబు: చేయించవచ్చు, షరతులతో. గొట్టం వ్యాసం, మందం, మొత్తం పొడవు పాతదాని మేరకే ఉండాలి. పలుచని గొట్టం వేస్తే వేగంలో మధ్య నుంచి విల్లులా వంగుతుంది. యోకులు ఒకే తలంలో ఉన్నాయని వెల్డింగుకు ముందే చుక్క అతుకులు పెట్టి చూపించమనండి. పూర్తయ్యాక డయల్ గేజీ పెట్టి గొట్టం మధ్యలో, రెండు చివరలా తిప్పి చూడాలి. ఊపు అర మిల్లీమీటరు దాటకూడదు. ఆ తర్వాత మిషను మీద బ్యాలెన్సింగ్ తప్పదు. బ్యాలెన్సింగ్ లేకుండా వెల్డింగ్ ఒక్కటే అంటే ఒప్పుకోకండి. గొట్టాన్ని రెండు ముక్కలు మధ్యలో అతికే పద్ధతి అసలే వద్దు. ఎంత చిన్నదైనా గుంట పడిన షాఫ్టుతో క్వారీ నుంచి రోడ్డెక్కకండి, గుంట ఉన్న చోటే గొట్టం మెలి తిరిగి తెగుతుంది.

ప్రశ్న: తొక్కితే ఏమీ లేదు. కాలు తీస్తే 60 నుంచి 40 దాకా వెనుక గుయ్యిమని మోత, సన్న అదురు. హౌసింగ్ ముందు ఆయిలు చెమ్మ కూడా ఉంది.
– చిత్తూరు

జవాబు: పినియన్ బేరింగు వదులై ఉంది. పినియన్ ఫ్లాంజును రెండు చేతులతో పట్టి పైకీ కిందకీ ఊపండి. కొంచెం ఆడినా అదే. ఆయిల్ సీలు ఒక్కటి మార్చి నట్టు గట్టిగా బిగించి పంపేస్తారేమో చూసుకోండి. చాలా హౌసింగులలో ఆ నట్టు కింద నలిగే స్లీవు ఉంటుంది, ఆ బిగుతే బేరింగు ప్రీలోడు, అంటే బేరింగు మీద ముందే ఉంచే ఒత్తిడి. ఇష్టమొచ్చినట్టు బిగిస్తే బేరింగు కాలిపోతుంది, క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు) పళ్ళు కలిసే చోటు మారిపోతుంది. బేరింగులు, స్లీవు, సీలు కలిపి మార్చి, పళ్ళ మీద రంగు పూసి ఎక్కడ కలుస్తున్నాయో చూసి కూర్చేవాళ్ళ దగ్గరకే తీసుకెళ్ళండి.

ప్రశ్న: వానలో పట్టు కోసం తిరుమల ఘాట్‌లో 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం) వేసుకుని పోతాను. మలుపుల్లో బండి పట్టి లాగినట్టుంటుంది, కింద టక్కుమంటుంది. కొండ దిగాక లీవరు 2హెచ్‌కు రాదు. షాఫ్టు పోయిందా?
– తిరుపతి

జవాబు: షాఫ్టు ఇంకా పోలేదు కానీ అదే పద్ధతిలో నడిపితే పోతుంది. మీది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అయితే 4హెచ్‌లో ముందు, వెనుక షాఫ్టులు ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరగాలి. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు ఉన్న బండి వెనుక చక్రాలు 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే ముందువి దాదాపు 8.35లో తిరుగుతాయి. ఒక్క యు-మలుపుకు తేడా మీటరుకు పైనే. మట్టిలో అయితే టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో, క్రాసుల్లో, ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్లలో బిగుసుకుని ఉంటుంది. 1944 నాటి పాత ఘాట్‌లో మనం దిగుతాం, ఆ మలుపులు మరీ బిగువు. లీవరు ఇరుక్కోవడం కూడా ఆ మెలివల్లే.

ఇరుక్కున్నప్పుడు లీవరును గుంజకండి. తిన్నగా ఉన్న చోట నిలిపి, రివర్సులో నాలుగైదు మీటర్లు మెల్లగా వెనక్కి వెళ్ళి, క్లచ్ తొక్కి లీవరు జరపండి. రాకపోతే ఒక వైపు రెండు చక్రాలను రోడ్డు పక్క మట్టి మీదికి దించి మళ్ళీ ప్రయత్నించండి. తడిసిన తారు కూడా 4హెచ్‌కు చాలినంత జారుడు కాదు. ఘాట్‌లో వానలో కావలసింది మంచి టైర్లు, దిగేటప్పుడు రెండో గేరు. నాలుగు టైర్లూ ఒకే కొలత, ఒకే అరుగుడులో ఉన్నాయా అన్నది కూడా చూడండి. ముందు కొత్తవి, వెనుక నున్నబడినవి ఉంటే తిన్నటి రోడ్డులో సైతం 4హెచ్‌లో మెలి పేరుకుంటుంది. ఇప్పటికే ఎన్నో ట్రిప్పులు అలా తిరిగారు కాబట్టి ముందు, వెనుక షాఫ్టుల క్రాసులన్నిటినీ ఒకసారి చేత్తో మెలిపెట్టి చూపించుకోండి. టక్కుమన్నది ఏ జాయింటో అక్కడే తెలుస్తుంది.